అక్కడ ఇల్లు విడివిడిగా దొరుకుతుంది!

బర్మా టేకు స్తంభం నుంచి జంతికల గొట్టం దాకా... పాత వస్తువులతో ఇంటిని ముస్తాబు చేసుకోవాలనుకునేవాళ్లకి తమిళనాడులోని కారైకుడి ఓ తరగని గని. అయితే, ఆ వస్తువులన్నీ వీధిలోకి ఎలా వచ్చాయో తెలిస్తే బేరమాడే గొంతు కాస్త తగ్గుతుంది.

పేరుకి మునీశ్వరన్ కోవిల్ వీధి. చూడ్డానికి మాత్రం ఏ ఊళ్లోనైనా ఉండే పాత సామాన్ల సందులానే ఉంటుంది. దుమ్ము, తుప్పు వాసన, గుట్టలుగా పోసిన ఇత్తడి. నాలుగడుగులు వేశాక అసలు సంగతి తెలుస్తుంది. ఓ కొట్టు ముందు గోడకి ఆనించి నిలబెట్టిన తలుపులు... ఒక్కో రెక్కా ఇద్దరు మోస్తేగానీ కదలనంత బరువు. వాటి పక్కనే కొలువుదీరిన లక్ష్మీదేవిని చెక్కిన ద్వారబంధం. ఆ పైన వేలాడుతున్న రంగుల గాజు బుడ్లు. కింద బుట్టలో తాళంచెవులు... జానెడు పొడవున్నవి, ఏ తాళానివో తెలియనివి. ఆ పక్క కొట్లో పాత గోడ గడియారాలు. వాటిలో ఏ రెండూ ఒకే టైము చూపించవు!

దూలాలు, స్తంభాలు, కిటికీ కమ్మీలు, గడపలు, ఊయల బల్లలు, భోషాణాలు, వంటపాత్రలు, దేవుడి పటాలు, ఆఖరికి చంటిపిల్లలకి పాలుపట్టే ఉగ్గుగిన్నెలు... ఒక ఇంటికి కావాల్సినవన్నీ ఉన్నాయి. ఇల్లొక్కటే లేదు. ఎందుకంటే ఇవన్నీ ఒకప్పుడు ఇళ్లే.

ముంబయిలో చోర్‌బజారు ఉంది. కొచ్చిలో మట్టాంచేరి యూదుల వీధి ఉంది. మన హైదరాబాద్‌లో జుమ్మెరాత్ బజారు ఉండనే ఉంది. అక్కడికి సరుకు నలుమూలల నుంచీ వస్తుంది. కారైకుడి సంగతి వేరు. ఇక్కడి సరుకులో చాలాభాగం చుట్టుపక్కల ఊళ్ల నుంచి, ఒకే సమాజానికి చెందిన కుటుంబాల నుంచి వచ్చింది. అందుకే ఈ కొట్లలో తిరుగుతుంటే సామాన్లు చూస్తున్నట్టుండదు, ఓ పెద్ద ఉమ్మడి కుటుంబం కథ వింటున్నట్టుంటుంది.

రేవు లేని చోటికి ఓడల సరుకు

శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో డెబ్భైకి పైగా ఊళ్లున్న ప్రాంతం చెట్టినాడు. కారైకుడి దానికి ముఖ్యపట్టణం లాంటిది. నాట్టుకోట్టై చెట్టియార్ల సొంత గడ్డ ఇది. ఒకప్పుడు ఉప్పు, రత్నాలు, ధాన్యం వ్యాపారం చేసిన వీళ్లు 19వ శతాబ్దంలో బర్మా, సిలోన్, మలయాలకు వెళ్లి వడ్డీ వ్యాపారంలో స్థిరపడ్డారు. ఇరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి పండించిన రైతులకి పెట్టుబడి పెట్టింది ఎక్కువగా వీళ్లే. సంపాదన అక్కడ, సంసారం ఇక్కడ. మూడేళ్లకో సారి ఇంటికొచ్చే మగవాళ్లు ఉత్త చేతులతో రాలేదు. బర్మా నుంచి టేకు, సిలోన్ నుంచి పసుపురంగు కర్ర, ఇటలీ నుంచి పాలరాయి, బెల్జియం నుంచి నిలువుటద్దాలు, ఇంగ్లండ్ నుంచి ఇనుప దూలాలు, జపాన్ నుంచి పింగాణీ పలకలు... సముద్రం కనిపించని ఈ ఎర్రమట్టి నేలకి ఓడల సరుకంతా దిగింది.

1850 నుంచి 1940ల దాకా కట్టిన ఆ ఇళ్లు ఇళ్లు కావు, వీధులు! ఈ వీధిలో సింహద్వారం, ఆ వీధిలో పెరటి గుమ్మం. మధ్యలో వరసగా మండువాలు. ముందరి అరుగుల దగ్గర మగవాళ్ల లెక్కాపత్రాలు, నడి మండువాలో పెళ్లిళ్లు, పేరంటాలు, వెనక వంటిళ్లు. గోడలకి సున్నంలో గుడ్డు తెల్లసొన, గవ్వల పొడి కలిపి మెత్తగా పూసిన పూత. ఇన్నేళ్లయినా చెయ్యి పెడితే అద్దంలా జారుతుంది.

ఇక ఆడపిల్ల పెళ్లంటే సామాన్ల జాతరే. వెండి పళ్లాల నుంచి చీపురుకట్ట దాకా అన్నీ డజన్ల లెక్కన పెట్టేవారు. వాడేది కొంత, దాచేది కొండంత. మండువా చుట్టూ ఉన్న గదుల్లో పెళ్లయిన ఒక్కో కొడుక్కీ ఒక్కో గది. ఆ దంపతుల సామానంతా ఆ గదిలోనే, పెద్ద తాళం వెనక. ఎవరి గిన్నె ఎవరిదో కలిసిపోకుండా ప్రతి వస్తువు మీదా పొడి అక్షరాలు చెక్కించేవారు. చెంబు మీద, మూత మీద, గరిటె కాడ మీద కూడా!

మన ఇళ్లలోనూ గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉన్నదే. అమ్మమ్మ పేరు, పెళ్లి తారీఖు ఉన్న గ్లాసు లేని తెలుగింటి వంటగది అరుదు. అందుకే కాబోలు, ఆ వీధిలో ఓ గంపెడు ఇత్తడి మూతల్ని తిరగేస్తుంటే, తమిళం రాకపోయినా ఆ అక్షరాలేమిటో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది.

వందమంది వారసుల ఇల్లు

1930ల ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. బర్మా రైతులు అప్పు తీర్చలేకపోయారు. తాకట్టు భూములు చెట్టియార్ల చేతికొచ్చాయి. 1930లో దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాల సాగుభూమిలో 6 శాతంగా ఉన్న వీళ్ల వాటా 1938 నాటికి 25 శాతానికి చేరింది. భూమి పోయిన రైతుకి కడుపుమంట. డబ్బు రావాల్సినవాళ్లకి మిగిలింది అమ్ముకోలేని మాగాణి. చూస్తుండగానే 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించాయి. ఎంతోమంది కాలినడకన కొండలు దాటి తిరిగొచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక బర్మా ప్రభుత్వం భూములు జాతీయం చేసింది. 1962లో సైనిక పాలన వచ్చి, ఆ తర్వాత రెండేళ్లలోనే బ్యాంకుల్నీ దుకాణాల్నీ స్వాధీనం చేసుకుంది. కారైకుడి ఇళ్లకి కలపనీ, కాసుల్నీ పంపిన దారి అలా మూసుకుపోయింది.

ఇళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. తాతగారి ఇంటికి నలుగురు కొడుకులు, వాళ్లకి పన్నెండుమంది, వాళ్లకి నలభైమంది... ఒకే ఇంటికి వందమంది వాటాదారులున్నా ఆశ్చర్యం లేదు. ఒకరు చెన్నైలో, ఒకరు సింగపూర్‌లో, ఇంకొకరు అమెరికాలో. పెంకు జారితే వేయించేదెవరు? వాన కారితే ఖర్చెవరిది? పెళ్లిళ్లకీ షష్టిపూర్తులకీ తాళం తీసే ఇళ్లు కొన్నయితే, ఆ భాగ్యం కూడా లేనివి ఎన్నో. భరించలేక అందరూ కలిసి సంతకాలు పెట్టేస్తారు. అప్పుడు ఆ ఇంటికి దొరికే ధరలో విచిత్రం చూడండి... నిలబడి ఉన్న ఇంటికంటే విప్పిన ఇంటికే విలువెక్కువ! టేకు, రాయి, ఇనుము, ఇత్తడి ఎవరికి కావాల్సింది వాళ్లు పట్టుకుపోతారు. ముందు గదుల్లో సామాన్లు, తర్వాత తలుపులు, ఆఖరున స్తంభాలు. స్తంభం తీసిన రోజున ఇల్లు పడిపోతుంది.

ఏమేం దొరుకుతాయంటే...

చేతిలో పట్టేవి చాలు అనుకునేవాళ్లకి ఈ వీధి పండగే. మరచెంబులు, కూజాలు, పోపులపెట్టెలు, కుంకుమభరిణెలు, కొయ్య వామనగుంటల పీటలు, ఇత్తడి జంతికల గొట్టాలు, దీపపు సెమ్మెలు, కంచు ఉరుళులు. మన ఊరగాయ జాడీలకి అన్నదమ్ముల్లాంటి గోధుమరంగు జాడీలు అడుగడుగునా కనిపిస్తాయి. స్వీడన్, చెకోస్లోవేకియా, జపాన్‌లలో తయారైన ఎనామిల్ గిన్నెలూ టిఫిన్ క్యారియర్లూ మరో ఆకర్షణ. ఆకుపచ్చ, నీలం, తెలుపు రంగుల్లో, అడుగున కంపెనీ ముద్రతో ముచ్చటగా ఉంటాయి.

గోడకి కావాలంటే పాత ఫొటోలు, రవివర్మ ముద్రణ పటాలు. ఆయన 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టాక లక్ష్మీ సరస్వతులు ఇంటింటి గోడ ఎక్కారు. చెట్టినాడులో కొందరు ఆ పటాలకి జరీ, చమ్కీలు అతికించి చీరలు కూడా కట్టారు! అలాంటి పటం కనిపిస్తే ఆగి చూడండి. ఏ ఇల్లాలు ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుని కుట్టిందో!

ఇక ఒకరకం సరుకు మాత్రం కొంచెం ఇబ్బంది పెడుతుంది. నల్లటి చట్రాల్లో బిగించిన కుటుంబాల ఫొటోలు. తలపాగాలు చుట్టుకున్న పెద్దలు, చంకలో బిడ్డతో కోడళ్లు. హోటళ్లవాళ్లు అలంకారానికి కొంటారట. 'ఇవెందుకు అమ్మేశారు?' అనడిగితే ఓ దుకాణదారు 'వాళ్ల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు' అన్నాడు. కొన్న గిన్నె మీద అక్షరాలు గీకించేసుకునేవాళ్లున్నారా అంటే నవ్వాడు. 'ఉన్నారు, కానీ అవి ఉన్నవే ముందు అమ్ముడవుతాయి' అన్నాడు. చెరిపేయించకపోవడమే మర్యాద అనిపించింది. వాడుకుంటున్నంతకాలం ఆ పేరు మన ఇంట్లో ఓ చుట్టంలా ఉంటుంది.

అసలేదో... నకిలీ ఏదో...

'వందేళ్ల నాటిది సార్' అనే మాట ఇక్కడ గాలిలో ఉంటుంది. నమ్మేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

కర్ర వస్తువైతే ముందు వెనక్కి తిప్పి చూడండి. పైన ఎంత పాతగా కనిపించినా సొరుగు లోపల, కాళ్ల అడుగున కొత్త మరలూ, నున్నగా కోసిన అంచులూ ఉంటే అది పాత కర్రతో చేసిన కొత్త వస్తువు. తప్పేం లేదు, కాకపోతే ధర ఆ లెక్కన ఇవ్వాలి. పాత పనితనంలో అతుకులు కొయ్య చీలలతో ఉంటాయి. చెయ్యి తగిలే చోట అరుగుదల ఉంటుంది, తగలని చోట ఉండదు. అన్ని చోట్లా సమానంగా అరిగిందంటే అనుమానించాల్సిందే. సన్నటి చిల్లుల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉందని అర్థం. అది మీ ఇంటి మంచానికీ పాకుతుంది.

రవివర్మ పటం కొనేటప్పుడు భూతద్దం పట్టుకెళ్లండి. ఆ కాలపు రాతి అచ్చులో రంగు చుక్కలు అడ్డదిడ్డంగా చల్లినట్టుంటాయి. వరసలు తీరిన చుక్కలు కనిపిస్తే అది తర్వాతి కాలపు ప్రతి. టీ డికాక్షన్‌తో కాగితాన్ని పాతబరచడం పెద్ద విద్యేం కాదు.

ఇత్తడి, కంచు పాత్రలు మామూలువైతే తూకానికే అడగండి. పనితనం ఉన్నవాటికి బేరం వేరు. ఇత్తడి పాత్రలో వండాలనుకుంటే కళాయి వేయించాకే. పెచ్చులూడిన పాత ఎనామిల్ గిన్నెల్లో మాత్రం తిండి వద్దు. ఆ కాలపు రంగుల్లో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. మొక్క పెట్టుకోవడానికో, గోడకి తగిలించడానికో భేషుగ్గా పనికొస్తాయి. పాత దీపాలూ గాజు బుడ్లూ కొంటే వైరింగు మొత్తం మార్పించాకే స్విచ్చి వెయ్యాలి.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, కళావస్తువులు పురావస్తువుల కిందికొస్తాయి. చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లే. వాటిని దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న పిల్లలకి పంపాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇక దేవుడి విగ్రహాలంటారా... ఏ గుడిదో, ఎలా వచ్చిందో తెలియని విగ్రహం జోలికి వెళ్లకపోవడమే మంచిది. కాగితాలు లేని దేవుణ్ని తెచ్చుకుంటే పోలీసులు కూడా వెంట వస్తారు!

రెండు బెడ్రూముల ఇంట్లో ఎలా?

పన్నెండడుగుల స్తంభం చూడ్డానికి బాగానే ఉంటుంది. అపార్ట్‌మెంట్ కప్పు పదడుగులు కూడా ఉండదు. అందుకే బయల్దేరేముందు టేపు పట్టుకుని గుమ్మం, లిఫ్టు, హాలు గోడ కొలుచుకుని కాగితం మీద రాసుకోవాలి. అది చెయ్యకుండా భోషాణం కొంటే అది సెల్లారులోనే కాపురం పెడుతుంది.

చిన్న ఇంటికి ఒక్క పెద్ద వస్తువు చాలు. ఉదాహరణకి భోషాణం... సోఫా ముందు బల్లగానూ ఉంటుంది, చలికాలం దుప్పట్లు దాచుకోవడానికీ పనికొస్తుంది. పాత తలుపు రెక్కని అడ్డంగా వేసి కాళ్లు బిగించి పైన గాజుపలక వేస్తే భోజనాల బల్ల. కిటికీ చట్రానికి అద్దం బిగిస్తే హాలుకి కొత్త వెలుగు. ఉరుళిలో నీళ్లు పోసి బంతిపూలు వేస్తే గుమ్మం ముందు రోజూ పండగే. మరచెంబులూ జాడీలూ ఒక్కొక్కటీ ఒక్కో మూల పెట్టేకంటే ఒకే అరలో గుంపుగా పెడితే అందం.

అన్నిటికంటే ముఖ్యం, ఇత్తడిని మరీ తళతళలాడించకూడదు. చింతపండు, ముగ్గుపొడి వేసి మన నాయనమ్మలు తోమిన తోముడు రోజూ వాడే బిందెలకి. అలంకారానికి పెట్టినదానికి కాలం ఇచ్చిన ఆ గోధుమవన్నే నగ. కర్రకి కూడా అంతే. పాత పాలిషు గీకించేసి వార్నిష్ కొట్టిస్తే, దాన్ని కారైకుడి నుంచి మోసుకొచ్చిన కష్టమంతా వృథా.

కొనాలా... వద్దా?

ఇప్పుడు అసలు ప్రశ్న. మన హాలు అందం కోసం ఎవరిదో మండువా కూలుతోందా?

కొంతవరకు అవుననే చెప్పాలి. స్తంభాలకీ గుమ్మాలకీ రిసార్టుల నుంచి, కొత్తగా బంగళాలు కట్టేవాళ్ల నుంచి గిరాకీ ఉన్నంతకాలం ఇంటిని విప్పడం లాభసాటి బేరమే. అలాగని ఎవరూ కొనకపోతే ఆ ఇళ్లు నిలబడతాయా అంటే అదీ లేదు. వారసుల తగవులూ, వాన నీళ్లూ వాటి పని అవి చేస్తూనే ఉంటాయి. కొనేవాళ్లే లేకపోతే చెక్కిన తలుపు కట్టెలపొయ్యిలోకి పోయేది.

అందుకే ఓ గీత గీసుకోవడం మంచిదనిపిస్తుంది. ఇంట్లోంచి బయటికొచ్చేసిన సామాను... గిన్నెలు, పెట్టెలు, పటాలు, కుర్చీలు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. ఇంటిని నిలబెట్టేవి... స్తంభాలు, దూలాలు, నేలలోంచి పెకలించిన పలకలు మాత్రం వదిలేయాలి. పలకలే కావాలనుకుంటే దగ్గర్లోనే ఆత్తంగుడి ఉంది. గాజుపలక మీద అచ్చు పెట్టి, రంగుల సిమెంటు పోసి, పైన ఆ ఊరి ఇసుకా సిమెంటూ కలిపి నింపి, నీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెడతారు. కొలిమి లేదు, మర లేదు. నునుపంతా ఆ గాజుదే. కొత్త పలక కొంటే ఆ పనివాడికి రేపూ పని ఉంటుంది. పాతింటి పలక కొంటే ఓ నేల శాశ్వతంగా పోతుంది.

నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కారైకుడి, కానాడుకాత్తాన్ లాంటి చోట్ల కొన్ని భవంతులు అతిథిగృహాలయ్యాయి. వచ్చే ఆదాయంతో పెంకులు మారుతున్నాయి, దీపాలు వెలుగుతున్నాయి. చెట్టినాడు ఊళ్లు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఓ రాత్రి అలాంటి ఇంట్లో బస చేయడం కూడా ఆ ఇంటికి మనం చేసే సాయమే.

ఇదంతా తమిళనాడు కథేనని తీసిపారేయడానికి లేదు. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్లూ ఇదే దారిలో ఉన్నాయి. ఎన్నో ఇళ్ల టేకు దూలాలు లారీలెక్కి వెళ్లిపోయాయి. అక్కడ బర్మా డబ్బు ఆగి ఇళ్లు పడ్డాయి. ఇక్కడ పిల్లలు హైదరాబాద్‌కీ అమెరికాకీ వెళ్లి పడుతున్నాయి. కారణం ఏదైతేనేం, చివరికి తాళంచెవి మిగిలేది గంపలోనే.

కాబట్టి కారైకుడికి టిక్కెట్టు కొనేముందు ఓసారి సొంత ఇంటి అటక ఎక్కి చూడండి. నాయనమ్మ గంగాళమో, తాతయ్య ట్రంకుపెట్టో, అత్తగారు కాపురానికొచ్చినప్పుడు తెచ్చుకున్న పందిరిమంచమో అక్కడే ఉండొచ్చు. వాటికి బేరమాడక్కర్లేదు. వాటిమీద పేర్లు ఎవరివో చెప్పేవాళ్లు కూడా ఇంకా ఇంట్లోనే ఉంటారు. ఆలస్యం చేయకుండా అడిగి రాసిపెట్టుకోవాలి, అంతే!

ఇలా వెళ్లాలి

కారైకుడికి రైలు సౌకర్యం ఉంది. చెన్నై ఎగ్మోర్‌లో మధ్యాహ్నం పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి చేరుకోవచ్చు. విమానంలో అయితే తిరుచ్చిలోగానీ మదురైలోగానీ దిగి, రోడ్డుమార్గంలో సుమారు 90 కిలోమీటర్లు ప్రయాణించాలి. వెళ్లడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. కొట్లకి ఓ పూట, ఆత్తంగుడి పలకల పనికీ అక్కడి భవంతికీ ఓ పూట, కానాడుకాత్తాన్ వీధులకి ఓ సాయంత్రం కేటాయిస్తే తీరుబడిగా చూడొచ్చు. దగ్గర్లోనే పిళ్లైయార్‌పట్టిలో కొండని తొలిచి మలిచిన వినాయకుడి గుడి కూడా ఉంది. పెద్ద సామాను కొంటే కర్రపెట్టెలో కట్టించి లారీ పార్శిల్‌లో పంపే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోవాలి.